"ఆడుకోవడానికైతే ఇంట్లోనే ఆడుకుంటాడు కదా టీచర్" అంటే ఏం చెప్పాలి?

అంగన్‌వాడీ_అక్క
పరకాల వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. 14 ఏళ్ల సర్వీసు. ఈ జూన్‌లో నా సెంటర్ నుంచి ఏడుగురు పిల్లలు వ్యాన్ ఎక్కి ప్రైవేటు నర్సరీకి వెళ్లిపోయారు. మూడున్నర, నాలుగేళ్ల వాళ్లు. పొద్దున ఏడున్నరకే వ్యాన్ వస్తుంది, నిద్రకళ్లతోనే ఎక్కుతారు. తల్లులను అడిగితే అందరిదీ ఒకటే మాట. "మీ దగ్గర ఊరికే ఆడిస్తారు టీచర్. ఆడుకోవడానికైతే ఇంట్లోనే ఆడుకుంటాడు కదా."

నేను ఊరికే ఆడించను. ఒక్కటి చెప్తాను వినండి. మా సెంటర్లో రోజుకొకరు గుడ్ల లీడర్. వచ్చిన పిల్లలను లెక్కపెట్టి, ఎన్ని గుడ్లు ఉడకబెట్టాలో ఆయాకు చెప్పాలి. మొన్న నాలుగేళ్ల పాప వంతు వచ్చింది. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెడుతూ లెక్కపెట్టి "పన్నెండు" అంది. తీరా తినేటప్పుడు ఒక గుడ్డు తక్కువ. ఆ పాపకే లేదు. మళ్లీ లెక్కపెట్టింది, మళ్లీ పన్నెండే. మూడోసారి సగంలో ఆగిపోయి, చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని "నన్ను మర్చిపోయిన టీచర్!" అని ఎగిరింది. ఆయా తన గుడ్డు ఇచ్చేసింది.

ఇది లెక్కలు నేర్చుకోవడం కాకపోతే మరేంటి? ఆ పాప కూడా దసరా సెలవుల తర్వాత వ్యాన్ ఎక్కబోతోంది. ఫీజు మాట్లాడుకున్నారట. వాళ్లమ్మకు అర్థమయ్యేలా ఏం చెప్పాలి?

మిర్చియార్డు
పరమానందయ్య శిష్యులు వాగు దాటి లెక్కపెట్టుకున్నట్టే ఉంది అక్కా. కాకపోతే మీ పాప వాళ్లకంటే తెలివైంది, మూడోసారికే పట్టేసింది.

నర్సంపేట_నాన్న
అక్కా, తప్పుగా అనుకోకండి. నేను మా అబ్బాయిని అంగన్‌వాడీ మాన్పించి వ్యాన్ ఎక్కించిన వాడినే. కారణం చెప్తాను. మా పెద్దమ్మాయిని ఐదేళ్ల దాకా ఇంటి దగ్గర, అంగన్‌వాడీలో హాయిగా ఆడుకోనిచ్చాం. ఒకటో తరగతికి తీసుకెళ్తే ఆ స్కూల్ వాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి టెస్ట్ పెట్టారు. మూడక్షరాల ఇంగ్లీషు పదాలు, 50 దాకా అంకెలు పదాల్లో రాయడం. నా బిడ్డ పెన్సిల్ పట్టుకుని నా వైపు చూసింది. "యూకేజీలో వేస్తాం, ఒక సంవత్సరం పోతుంది" అన్నారు. బయటికొచ్చాక "నాకేం రాదా నాన్నా" అని అడిగింది. ఆ మాట ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు. ఆటలు మంచివే, కాదనను. పరీక్ష పెట్టేవాళ్లు ఆటల్లో పెట్టడం లేదు కదా.

ఒకటోతరగతి_టీచర్
ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని), ములుగు రోడ్డు వైపు. ప్రతి జూన్‌లో రెండు రకాల పిల్లలు నా గదిలోకి వస్తారు. ఇద్దరి గురించీ ఉన్నదున్నట్టు చెప్తాను, ఎవరికీ కోపం రావద్దు.

మొదటి రకం రెండేళ్లు రాసి రాసి వచ్చినవాళ్లు. 1 నుంచి 100 దాకా గడగడా రాసేస్తారు. "ఆ గంపలోంచి ఏడు గింజలు తీసుకురా" అంటే పిడికెడు పట్టుకొస్తారు. ఏడు అంటే గీత గీసే బొమ్మే తప్ప ఏడు వస్తువులని వాళ్లకు తట్టదు. ఇంకో సంగతి, పలక ఇచ్చి "నీకు నచ్చింది గీయి" అంటే చెయ్యి కదలదు. "ఏం గీయాలి టీచర్" అని నా మొహం చూస్తారు. తప్పు రాస్తే చెయ్యి అడ్డం పెట్టి దాచుకుంటారు.

రెండో రకం, మంచి అంగన్‌వాడీ నుంచి వచ్చినవాళ్లు. అక్షరాలు తక్కువే. కానీ కథ చెప్తే మధ్యలో ప్రశ్నలు అడుగుతారు, వస్తువులు పంచుకుంటారు, తమ వంతు వచ్చేదాకా ఆగుతారు. సంక్రాంతి కల్లా చదవడంలో మొదటి రకం వాళ్లను అందుకుంటారు. నా గదిలో చాలాసార్లు చూశాను.

అయితే అక్కా, "మంచి అంగన్‌వాడీ" అన్నాను చూశారా. అన్నీ మీ సెంటర్‌లా లేవు. కొన్నిచోట్ల పిల్లలను గోడకు ఆనించి కూర్చోబెట్టి, అన్నం పెట్టి పంపిస్తారు. అక్కడ ఆటా లేదు, పాఠమూ లేదు. ఆ పిల్లలు వచ్చినప్పుడు నాకు ఎక్కువ కష్టం. తల్లులు "ఊరికే" అంటున్నది అలాంటివి చూసే కావచ్చు.

చదువరి_హన్మకొండ
నర్సంపేట_నాన్న గారూ, మీ అమ్మాయికి జరిగింది చట్టానికే విరుద్ధం. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. మొదటిసారికి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా.

నర్సంపేట_నాన్న
చట్టం కాగితం పట్టుకుని ఆఫీసు రూములో కొట్లాడితే సీటు ఇస్తారా అన్నా? ఇచ్చినా ఆ తర్వాత పదేళ్లు నా బిడ్డ అక్కడే కూర్చోవాలి.

చదువరి_హన్మకొండ
ఒక్కరు అడిగితే ఇవ్వరు. వాట్సాప్ గ్రూపులో నలభై మంది తల్లిదండ్రులు ఉంటారు, ఫీజు పెంచితే అందరూ ఒక్కటవుతారు. దీనికి ఎందుకు కాకూడదు?

ఎక్స్‌రే_గది
ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. చదువు గురించి చెప్పేంత వాడిని కాదు, నాకు రోజూ కనపడేది చెప్తాను. పెద్దవాళ్ల మణికట్టు ఎక్స్‌రేలో ఎనిమిది చిన్న ఎముకలు గులకరాళ్లు పేర్చినట్టు కనిపిస్తాయి. మూడేళ్ల పిల్లల ఫిల్మ్ తీస్తే అక్కడ రెండో మూడో చుక్కలు, మిగతాదంతా ఖాళీ. ఎముక లేక కాదు, అది ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది, అందుకే కనిపించదు. ఒక్కొక్కటే గట్టిపడుతూ ఐదారేళ్లకు ఏడు దాకా కనిపిస్తాయి. ఎనిమిదోది ఇంకా ఆలస్యం.

మా చిన్నోడి డైరీలో ఎర్ర పెన్నుతో "గీతల మధ్యలో రాయడం లేదు" అని రాసి పంపినప్పుడు నాకు ఆ ఫిల్మే గుర్తొచ్చింది. వాడికి మూడేళ్ల ఎనిమిది నెలలు.

సుబేదారి_అమ్మ
ఎక్స్‌రే_గది గారూ, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకున్నా. మా అత్తగారికి, మా ఆయనకు ఇద్దరికీ చూపిస్తా.

మా అమ్మాయి ఎల్కేజీ. రోజుకు రెండు పేజీలు కాపీ రైటింగ్. రాత్రి తొమ్మిదింటికి నిద్రలో తూలుతూ ఎస్ అక్షరాన్ని తిప్పి రాస్తుంటే నేనే చెయ్యి పట్టుకుని రాయించేదాన్ని. ఒకరోజు పూర్తి చేయలేక పంపితే మర్నాడు బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది, స్కూలుకు పోనని. నాలుగేళ్ల పిల్ల గడియ పెట్టుకోవడం ఏంటండీ. తలుపు అవతల నేను, ఇవతలికి రానని తను. అరగంట. గడియ తీయడానికి మళ్లీ దాని చేతికి బలం చాలలేదు.

చదువరి_హన్మకొండ
2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఒకటో తరగతి కంటే ముందు పిల్లలకు అసలు బ్యాగే ఉండకూడదు. రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వకూడదు. ఆ కాగితం ప్రింట్ తీసి డైరీలో పెట్టి పంపండి మేడం.

సకినాల_నాయనమ్మ
మా మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నా. మాది హుజూరాబాద్. సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు పిల్లలను దూరం కొడతారు ఇప్పుడు, పిండి ఆగం చేస్తారని. మా ఇంట్లో నేను మనవరాలికి కూడా ఇంత పిండి పెట్టా. తడి బియ్యప్పిండి, నువ్వులు, వాము. బట్ట మీద బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు కలిపి పిండిని మెలి తిప్పుకుంటూ చుట్టు తిప్పాలి. మొదటి రోజు దానికి వానపాములే వచ్చినయి. మూడో రోజుకు ఒక చుట్టు నిలబడ్డది. వారం రోజుల్లో రెండు చుట్లు.

బడి తెరిచినంక వాళ్ల టీచర్ అడిగిందట, పెన్సిల్ ఇంత మంచిగా పట్టుకుంటుంది ఎవరు నేర్పారని. ఎవరూ నేర్పలే బిడ్డా. ఆ మూడు వేళ్లే కదా.

ఎక్స్‌రే_గది
అమ్మా, మీరు చెప్పింది పుస్తకాల్లో ఉండాల్సిన మాట. ఈసారి సంక్రాంతికి మావాడికి పిండి పెడతాం.

కాజీపేట_జంక్షన్
ఫిన్లాండ్‌లో ఏడేళ్లకు బడి మొదలు అని ఎవరో ఒకరు వచ్చి చెప్తారు ఇప్పుడు, చూడండి. వాళ్ల జనాభా ఎంత, మన పోటీ ఎంత? ఇక్కడ నవోదయ, గురుకులం, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) అన్నీ దాటాలి. అక్కడి పద్ధతి తెచ్చి ఇక్కడ పెడితే నష్టపోయేది మన పిల్లలే.

రిటైర్డ్_బడిపంతులు
కాజీపేట_జంక్షన్ తమ్మీ, అక్కడిది అంటున్నావు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిరం పెట్టి, కథలతో, ఆటలతో చదువు చెప్పాడు. ఆయన అంతకుముందు వకీలు. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆమె 1907లో రోమ్‌లో మొదటి బడి పెట్టింది కలిగినవాళ్ల పిల్లల కోసం కాదు, కూలీనాలీ చేసుకునేవాళ్ల వాడలో. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అని, అందులో ఆటే ప్రధానమని రాసుకుంది. 2022 అక్టోబరులో దాని పాఠ్యప్రణాళిక చట్రం కూడా వచ్చింది.

అవన్నీ పక్కన పెట్టు. మీ ఇంట్లో బతుకమ్మ పేరుస్తారా? తంగేడు, గునుగు, బంతి, సీతజడ. ఏ పువ్వు ఏ వరుసలో, గునుగుకు రంగు అద్ది ఎన్ని కట్టలు, కింద వెడల్పు పైకి సన్నం. పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్ల పూలను రంగుల వారీగా కుప్పలు పోసి అందిస్తుంటుంది. వర్గీకరణ, క్రమం, ఆకారం, లెక్క, అన్నీ ఒక్క తాంబాలంలో. దీనికి ఏ దేశం వీసా కావాలి?

కాజీపేట_జంక్షన్
సార్, బతుకమ్మ మాట ఒప్పుకుంటా. ఎంసెట్ మాట మాత్రం వదలను.

ఒకటోతరగతి_టీచర్
ఎంసెట్‌కు పద్నాలుగేళ్లు టైమ్ ఉంది అన్నా, పిల్లాడికి ఇంకా చెప్పుల కుడి ఎడమ తెలియదు.

ఆధారం కావాలంటే ఇంకోటి. 2017లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. తెలంగాణ, రాజస్థాన్, అస్సాంలలో 14 వేల మంది దాకా పల్లె పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంట ఉండి చూశారు. ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీ, పల్లె పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ సెంటర్ కలిసి చేసినది. ఐదేళ్లకు బడికి సిద్ధంగా ఉండాల్సిన స్థాయిలో చాలామంది లేరు. ప్రైవేటు ప్రీస్కూళ్లలో ఎక్కువగా రాయించడం, బట్టీ పట్టించడం జరుగుతుంటే, అంగన్‌వాడీల్లో చదువుకు సంబంధించిన పని తక్కువ జరుగుతోంది. వయసుకు తగిన ఆటపాటలు రెండుచోట్లా కరువే. అంటే వ్యాన్ ఎక్కినా, ఎక్కకపోయినా పిల్లకు దక్కాల్సింది దక్కడం లేదు. అందుకే మీ సెంటర్ లాంటిది పోగొట్టుకోకూడదని నా తపన.

చిన్నబడి_కరస్పాండెంట్
హన్మకొండలో చిన్న స్కూలు నడుపుతాను, నర్సరీ నుంచి ఐదు దాకా. తిట్టండి, కానీ ముందు వినండి. మూడేళ్ల క్రితం నర్సరీలో నోటుబుక్కులు తీసేశాను. ఇసుక తొట్టి, చెక్క దిమ్మెలు, బొమ్మల పెట్టె కొన్నాను. ఆగస్టు నాటికి పదకొండు మంది టీసీలు అడిగారు. "ఫీజు కట్టేది ఇసుకలో ఆడించడానికా" అన్నారు. ఒకాయన నోటుబుక్కు లేదు కాబట్టి సగం ఫీజే కడతానన్నాడు. టీచర్ల జీతాలు ఆ ఫీజుల్లోంచే ఇవ్వాలి. మళ్లీ రెండు బుక్కులు పెట్టాను. ఆ రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక పని చేశాను, అది పనిచేసింది. ప్రతి శనివారం తల్లిదండ్రులకు ఒక్క ఫోటో, ఒక్క వాక్యం. "మీ బాబు ఈరోజు దిమ్మెలతో బ్రిడ్జి కట్టాడు, రెండుసార్లు కూలితే అడుగున పెద్ద దిమ్మె పెట్టాలని తనే కనిపెట్టాడు." అంతే. నోటుబుక్కు తల్లిదండ్రులకు ఒక రుజువు, వాళ్లు అడిగేది రుజువే. ఆటకు రుజువు మనం చూపించలేదు కాబట్టి బుక్కు అడుగుతున్నారు. ఈ సంవత్సరం నర్సరీలో బుక్కులు లేవు. ఒక్కరే వెళ్లారు.

నర్సంపేట_నాన్న
కరస్పాండెంట్ గారూ, ఇలాంటి ఫోటో నాకు ఒక్కటి వచ్చి ఉంటే నేను ఆలోచించేవాడిని. నిజంగా. మావాడి స్కూలు నుంచి ఫీజు మెసేజ్‌లు తప్ప ఏమీ రావు.

పత్తిచేను
జమ్మికుంట పక్కన మాది. అందరూ చదువు గురించే మాట్లాడుతున్నారు, నేను వేరే మాట చెప్తా. పత్తి ఏరడానికి పొద్దున పోతే సాయంత్రం వస్తాం. మా ఊరి సెంటర్ నెలలో నాలుగు రోజులు "మీటింగ్ ఉంది" అని మూత. పిల్లను ఎవరికి అప్పజెప్పాలి? వ్యాన్ మాత్రం రోజూ వస్తుంది, రోజూ దింపుతుంది. నేను ఇంగ్లీషు కోసం పంపడం లేదక్కా, నమ్మకంగా తలుపు తెరిచి ఉంటుందని పంపుతున్నా.

అంగన్‌వాడీ_అక్క
పత్తిచేను చెల్లీ, నీ మాటకు నా దగ్గర సమాధానం లేదు, అది మా వైపు లోపమే. మా బాధ కూడా వినండి. గర్భిణులు, బాలింతల పోషణ, బరువులు తూయడం, ఇంటింటి సర్వే, రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు. ఒక్కోరోజు ఫోన్‌లో సిగ్నల్ కోసం గుడి దగ్గర నిలబడి ఎంట్రీ చేస్తుంటే లోపల పిల్లలను ఆయా ఒక్కతే చూసుకోవాలి. ఒకటోతరగతి_టీచర్ మేడం చెప్పిన "గోడకు ఆనించి కూర్చోబెట్టడం" అలాంటి రోజుల్లో నా సెంటర్లో కూడా జరిగింది. దాచను.

అయినా మిగిలిన రోజుల్లో ఏం జరుగుతుందో తల్లులు ఎప్పుడూ చూడలేదు. గుమ్మం దగ్గర దింపి పోతారు. కరస్పాండెంట్ గారి మాట నా మనసుకు పట్టింది.

సుబేదారి_అమ్మ
ఫోటోలు వద్దు అక్కా, తల్లులనే కూర్చోబెట్టి ఆడించండి. చూస్తే అర్థమయ్యేది కొంతే, చేతులు పెడితే అర్థమయ్యేది వేరు.

రిటైర్డ్_బడిపంతులు
మంచి ఆలోచన. వామనగుంటల పీట పెట్టండి. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, చింతగింజలు. మీ ఊరి తల్లుల్లో సగం మందికి ఆ ఆట వచ్చే ఉంటుంది. గింజలు పంచేటప్పుడు ఎక్కడ ఆగుతుందో ముందే మనసులో లెక్కేస్తారు. "నువ్వు ఇప్పుడు లెక్క చేశావా లేదా" అని అడగండి వాళ్లను.

మిర్చియార్డు
పీట లేకపోతే నేల మీద గుంటలు తవ్వండి. మా అమ్మ అలాగే ఆడేది, మధ్యాహ్నం కూలికి గంట కొట్టేదాకా.

నర్సంపేట_నాన్న
ఇంగ్లీషు సంగతి కూడా చూడండి అక్కా. తల్లిదండ్రుల అసలు భయం అదే.

ఒకటోతరగతి_టీచర్
ఇంగ్లీషును నోటితో నేర్పొచ్చు, రాయించక్కర్లేదు. "జంప్" అంటే గెంతాలి, "స్టాప్" అంటే ఆగాలి. పాటలా చెప్పండి, రంగుల పేర్లు పూలతో చెప్పండి. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం బాగా పెరగనివ్వండి, ఆలోచన అందులోనే నడుస్తుంది. ఒకటో తరగతికి వచ్చాక కూడా మొదటి మూడు నెలలు ఆటలతోనే నడపమని 2021లో ఎన్‌సీఈఆర్‌టీ "విద్యా ప్రవేశ్" ఇచ్చింది. నేను అది పూర్తిగా పాటిస్తాను. జూన్, జులైలో నా గదిలోకి వస్తే మీకు బడిలా కనిపించదు.

అంగన్‌వాడీ_అక్క
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ చెప్పాలనిపించింది.

పోయిన శుక్రవారం తల్లులను పిలిచాను. పదహారు మందిని పిలిస్తే తొమ్మిది మంది వచ్చారు, అందులో ఇద్దరు నాయనమ్మలు. కుర్చీలు వేయలేదు, చాప మీదే. నాలుగు మూలల్లో నాలుగు పెట్టాను. ఒక మూల చింతగింజలు, సుద్దముక్కతో గీసిన వామనగుంటలు. ఒక మూల తడి పిండి. ఒక మూల తంగేడు, గునుగు, బంతి కలిపి ఒకే గంపలో. ఇంకో మూల కిరాణా కొట్టు, ఖాళీ డబ్బాలు, తూనిక తక్కెడ. పిల్లలతో కలిసి తల్లులను కూడా కూర్చోమన్నాను. మొదట నవ్వుకుంటూ నిలబడ్డారు. ఒక నాయనమ్మ గింజలు చేతిలోకి తీసుకోగానే మిగతావాళ్లు కూర్చున్నారు. గంటసేపు ఎవరూ లేవలేదు.

కొట్టు దగ్గర ఒక బాబు వాళ్లమ్మకే బియ్యం అమ్మాడు. "పావు కిలో" అని ఆమె అంటే, వాడు తక్కెడలో ఇసుక పోసి, ఎక్కువైందని చెంచాతో తీసి, మళ్లీ తూచి ఇచ్చాడు. ఆమె నా వైపు తిరిగి, "వీడికి ఎక్కువ తక్కువ తెలుసా టీచర్" అంది. రోజూ చేస్తాడమ్మా అన్నాను.

పదిన్నరకు గుడ్ల లీడర్‌ను పిలిచాను. కావాలనే ఆ పాప వంతే పెట్టాను. వాళ్లమ్మ చూస్తుండగా ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటూ వెళ్లింది. చివర్లో తన నెత్తి మీద కూడా పెట్టుకుంది. ఆయా దగ్గరికి పరుగెత్తి "పదకొండు ఆయమ్మా, నాతో కలిపి" అంది. తర్వాత ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, "అమ్మలకు కూడా గుడ్లు పెడతరా? పెడితే ఇరవై" అంది.

వాళ్లమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం పాపను తీసుకెళ్లేటప్పుడు, ఫీజు కట్టలేదని, జనవరి దాకా చూస్తానని చెప్పింది. జనవరి తర్వాత ఏం చేస్తుందో నాకు తెలియదు. పత్తిచేను చెల్లీ, మీటింగ్ ఉన్న రోజుల్లో కూడా సెంటర్ తెరిచే ఉంచేలా సూపర్‌వైజర్‌తో మాట్లాడాను, ఆ రోజుల్లో ఒక తల్లి వచ్చి ఆయాకు తోడుగా కూర్చోవడానికి ముగ్గురు ఒప్పుకున్నారు.

సకినాల_నాయనమ్మ
తొమ్మిది మంది వచ్చారంటే మంచి సంగతే బిడ్డా. సంక్రాంతికి పిండి రోజు పెట్టు, వీలైతే నేనే వస్తా.

పత్తిచేను
అక్కా, మా ఊరి టీచర్‌కు కూడా ఇది చూపిస్తా. చింతగింజలు కావాలంటే చెప్పండి, మా ఇంట్లో బస్తాడు ఉన్నయి. పరకాల బస్సులో పంపిస్తా.